విస్తరణ సేవల ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకు మార్పిడి టైర్ల ఎంపిక: ఎల్‌బీ నగర్ నుండి సాగే క్షేత్ర మార్గాల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

పరిశోధనా కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల వాహనాలకు అరిగిన టైర్ల స్థానంలో కొత్తవి కొనుగోలు చేసేటప్పుడు కొలత, ధర అనే రెండు అంశాలను మాత్రమే పరిశీలించే అలవాటు విస్తృతంగా ఉన్నది. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనమైనచో బురద దారులను దృష్టిలో ఉంచుకొని లోతైన గాడులున్న టైర్లను కోరుకోవడం మరొక అలవాటు. హైదరాబాదు తూర్పు ద్వారమైన ఎల్‌బీ నగర్ నుండి నల్గొండ, సూర్యాపేట, ఇబ్రహీంపట్నం ప్రాంతాలకు సాగే మార్గాలను ఉదాహరణగా తీసుకొని, టైరు రకం, కొలత, బరువు సూచిక, తయారీ తేదీ, గాలి పీడనం, నేల గట్టిపడుట అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వాహనం అత్యధిక దూరం, అత్యధిక వేగంతో నడిచే దారిని బట్టి టైరును ఎంచుకోవలెననీ, చివరి కిలోమీటరు అవసరాన్ని గాలి పీడనం ద్వారా, నడిపే విధానం ద్వారా తీర్చుకోవలెననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్య పదాలు: ఫోర్ వీల్ డ్రైవ్, టైర్ల ఎంపిక, గాలి పీడనం, నేల గట్టిపడుట, విస్తరణ సేవలు, ఎల్‌బీ నగర్

పరిచయం

రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుండి తూర్పు జిల్లాలకు బయలుదేరే వాహనం ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎల్‌బీ నగర్ చేరుతుంది. సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ నుండి హయత్‌నగర్, గునగల్ పరిశోధనా క్షేత్రాలకు వెళ్లే వాహనాలకు కూడా ఈ ప్రాంతమే దారి. ఎల్‌బీ నగర్ కూడలి నుండి 65వ నంబరు జాతీయ రహదారి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా సూర్యాపేట వైపునకు సాగుతుంది. నాగార్జునసాగర్ రహదారి తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా సాగుతుంది. కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలున్న సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు కూడా ఇక్కడి నుండే చేరుకుంటారు.

ఈ ప్రయాణాలన్నింటిలో ఒక సమాన లక్షణమున్నది. మొదట నగరంలోని రద్దీ, తరువాత వేగంగా సాగే తారు రోడ్డు, పిదప గ్రామానికి చేరే ఇరుకైన రోడ్డు లేదా మొరం బాట, చిట్టచివర రైతు పొలానికి దారితీసే డొంక. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమయ్యేది ఈ చివరి భాగంలోనే. కాని ప్రాణాపాయం ఎక్కువగా పొంచి ఉండేది రెండవ భాగంలో. టైరు ఎంపికలో ఈ తేడాను గుర్తించనప్పుడు, డొంకలో దిగబడకుండా కాపాడే టైరే వర్షపు రోజున జాతీయ రహదారిపై వాహనాన్ని సకాలంలో ఆపలేకపోవచ్చును.

టైర్లలోని రకాలు, వాటి గుణదోషాలు

ఈ తరగతి వాహనాలకు లభించే టైర్లు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది హైవే టెరైన్, సంక్షిప్తంగా హెచ్.టి. దీని ట్రెడ్ దిమ్మెలు దగ్గర దగ్గరగా ఉండి, రబ్బరు అధిక భాగం నేలను తాకుతుంది. దిమ్మెలపై ఉండే సన్నని చీలికలు తడి రోడ్డుపై పట్టునిస్తాయి. శబ్దం, ఇంధన వ్యయం తక్కువ. బురదలో గాడులు త్వరగా పూడిపోయి చక్రం జారుతుంది.

రెండవది ఆల్ టెరైన్, అనగా ఎ.టి. దిమ్మెల మధ్య ఎడం కొంత ఎక్కువ, భుజాల వద్ద గాడులు తెరచి ఉంటాయి. మొరం, గులకరాళ్లు, పలుచని బురదలలో పనికివస్తుంది. తారు రోడ్డుపై హెచ్.టి. కన్న కొంత తక్కువగా, ఎం.టి. కన్న మెరుగుగా ఉంటుంది.

మూడవది మడ్ టెరైన్, అనగా ఎం.టి. పెద్ద దిమ్మెలు, లోతైన వెడల్పు గాడులు దీని లక్షణం. చక్రం తిరిగేటప్పుడు గాడులలోని బురద విసిరివేయబడి ట్రెడ్ తనంతట తాను శుభ్రపడుతుంది. కాని నేలను తాకే రబ్బరు తక్కువ కావడం వలన, సన్నని చీలికలు తక్కువగా ఉండడం వలన తడి తారుపై ఆగే దూరం పెరుగుతుంది. శబ్దం, అరుగుదల, ఇంధన వ్యయం ఎక్కువ.

పట్టులోని చిన్న తేడా ఎంత దూరానికి దారితీస్తుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. గంటకు 80 కిలోమీటర్ల వేగం అనగా సెకనుకు 22.2 మీటర్లు. ఘర్షణ గుణకం 0.6 అనుకున్నచో బ్రేకు పడినప్పటి నుండి వాహనం ఆగుటకు సుమారు 42 మీటర్లు పడుతుంది. గుణకం 0.5కు తగ్గినచో ఈ దూరం సుమారు 50 మీటర్లు. తేడా ఎనిమిది మీటర్లే అయినప్పటికీ, మొదటి వాహనం పూర్తిగా ఆగిన చోట రెండవ వాహనం ఇంకను గంటకు దాదాపు 33 కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. రోడ్డు దాటుతున్న పాదచారికి, ముందు ఆగిన ద్విచక్ర వాహనదారునికి ఆ తేడా ప్రాణాలతో ముడిపడినది. ఈ గుణకాలు లెక్క కొరకు తీసుకున్నవే గాని ఏ ఒక్క టైరుకూ కొలిచినవి కావు. అయినను టైరు ఎంపికలో తడి పట్టును ప్రథమ గుణంగా ఎందుకు చూడవలెనో ఇవి స్పష్టం చేస్తాయి.

లాగ్ బుక్ ఆధారంగా ఎంపిక

ప్రతి ప్రభుత్వ వాహనానికి లాగ్ బుక్ ఉంటుంది. టైర్ల ఎంపికకు ఇంతకన్న మంచి ఆధారం మరొకటి లేదు. గడచిన పన్నెండు నెలల ప్రయాణాలను తారు రోడ్డు, మొరం బాట, పొలం దారి అని మూడు పద్దులుగా విడదీయవలెను. ఒక ఊహాత్మక ఉదాహరణగా, వాహనం నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగి, అందులో 1,700 తారు రోడ్డుపై, 260 మొరంపై, 40 పొలం దారులలో నడిచినదనుకుందాం. అప్పుడు తారు వాటా 85 శాతం, మొరం వాటా 13 శాతం, పొలం దారి వాటా 2 శాతం. ఈ 2 శాతం కొరకు ఎం.టి. టైరు వేయించినచో మిగిలిన 98 శాతం దూరంలో అధిక ఇంధనం, త్వరిత అరుగుదల, తగ్గిన తడి పట్టు అనే మూడు నష్టాలను భరించవలసి వస్తుంది.

ఇటువంటి లెక్క వచ్చిన కేంద్రానికి తడి పట్టు బాగుగా ఉన్న ఎ.టి. టైరు సముచితం. పొలం దారి వాటా దాదాపు లేని వాహనానికి హెచ్.టి. టైరు చాలును. పరిశోధనా క్షేత్రం లోపలే తిరుగుతూ, రహదారి ఎక్కని వాహనానికి మాత్రమే ఎం.టి. టైరును పరిశీలించవచ్చును.

కొలత, బరువు సూచిక, తేదీ

టైరు పక్క గోడపై ఉండే సంకేతాలను చదవగలగడం కొనుగోలు బాధ్యత గలవారికి అవసరం. ఉదాహరణకు 215/75 ఆర్ 15 100 ఎస్ అను సంకేతంలో 215 టైరు వెడల్పును మిల్లీమీటర్లలో, 75 వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతాన్ని, ఆర్ రేడియల్ నిర్మాణాన్ని, 15 రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో సూచిస్తాయి. బరువు సూచిక 100 అనగా ఒక్కొక్క టైరు 800 కిలోగ్రాముల వరకు మోయగలదని అర్థం. సూచిక 105 అయినచో 925 కిలోలు, 109 అయినచో 1,030 కిలోలు. ఎస్ అను అక్షరం గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితిని, క్యూ అను అక్షరం 160 కిలోమీటర్ల పరిమితిని తెలుపుతాయి. విత్తన సంచులు, మట్టి నమూనాలు, ప్రదర్శన సామగ్రి, విద్యార్థులతో నిండిన వాహనానికి బరువు సూచికను వాహన తయారీదారు చెప్పిన దానికి తగ్గించరాదు.

పెద్ద టైరు వేయించినచో వాహనం ఎత్తు పెరిగి బాటలు సులువవుతాయనే అభిప్రాయమున్నది. 215/75 ఆర్ 15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 703.5 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 వ్యాసం 733.5 మిల్లీమీటర్లు. ఈ మార్పుతో నేల నుండి లభించే అదనపు ఎత్తు 15 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రతిగా చక్రం చుట్టుకొలత 4.3 శాతం పెరుగుటచే, స్పీడోమీటరు 60 చూపినప్పుడు అసలు వేగం దాదాపు 62.6గా ఉంటుంది. బ్రేకులపై, గేర్లపై భారం పెరుగుతుంది. మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకొనవచ్చును. కావున డ్రైవరు తలుపు వద్ద అతికించిన పట్టికలోని కొలతనే పాటించుట మేలు.

తయారీ తేదీ పక్క గోడపై నాలుగు అంకెలుగా ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అనగా 2024వ సంవత్సరంలో 23వ వారం. రబ్బరు నిల్వలో కూడా గట్టిపడుతుంది గనుక పాత నిల్వను కొత్త టైరు ధరకు తీసుకొనరాదు. ఎండలో నిలిపి ఉంచే వాహనాలలో, తక్కువగా తిరిగే వాహనాలలో ట్రెడ్ అరగకమునుపే పక్క గోడలపై పగుళ్లు కనిపిస్తాయి. ఐదు సంవత్సరాలు దాటిన టైర్లను ఏటేటా పరీక్షింపజేయవలెను.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం నాలుగు చక్రాల వాహనాలకు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల అడుగున ఉండే అరుగుదల సూచికలు ట్రెడ్ ఉపరితలంతో సమానమైనప్పుడు ఈ హద్దు చేరినట్లు గుర్తించవలెను. ఇది చట్టం విధించిన కనీస హద్దు మాత్రమే. తొలకరికి ముందే లోతును కొలిచి, 3 మిల్లీమీటర్లకు చేరిన టైర్లను వానకాలం ప్రయాణాలకు వాడకుండా మార్చుకొనుట వివేకం.

నాలుగు చక్రాల సమానత్వం

సాధారణ వాహనంలో రెండు టైర్లు మాత్రమే మార్చినను పెద్ద నష్టముండదు. ఫోర్ వీల్ డ్రైవ్ విషయం వేరు. మధ్య డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ రకంలో లీవరు వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరుగునట్లు బిగించబడతాయి. ముందు టైర్ల ట్రెడ్ 8 మిల్లీమీటర్లు, వెనుక టైర్ల ట్రెడ్ 3 మిల్లీమీటర్లు ఉన్నదనుకున్నచో వ్యాసంలో 10 మిల్లీమీటర్ల తేడా ఏర్పడుతుంది. 703.5 మిల్లీమీటర్ల చక్రం కిలోమీటరుకు సుమారు 452 చుట్లు తిరిగితే, 693.5 మిల్లీమీటర్ల చక్రం సుమారు 459 చుట్లు తిరగవలసి ఉంటుంది. ఈ ఆరేడు చుట్ల తేడా మెత్తని నేలపై చక్రం జారుట వలన సర్దుకుంటుంది. పొడి తారుపై జారే వీలు లేనందున ఆ ఒత్తిడి అంతయు ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులపై పడుతుంది.

కావున నాలుగు టైర్లనూ ఒకే తయారీ, ఒకే నమూనాలో ఒకేసారి మార్చుట ఉత్తమం. స్టెప్నీతో కలిపి ఐదింటినీ 8,000 నుండి 10,000 కిలోమీటర్లకొకసారి స్థానాలు మార్చుతూ వాడినచో అరుగుదల సమానంగా ఉంటుంది. డొంక దాటి తారు ఎక్కిన వెంటనే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ లీవరును విడుదల చేయవలెను.

గాలి పీడనం: టైరు మార్చకుండా లభించే సామర్థ్యం

దుకాణాలలో ‘30 గాలి’ అని వ్యవహరించే కొలత 30 పి.ఎస్.ఐ., అనగా సుమారు 207 కిలోపాస్కల్. టైరు నేలపై మోపే సగటు ఒత్తిడి స్థూలంగా దానిలోని గాలి పీడనానికి దగ్గరగా ఉంటుంది. ఒక చక్రంపై 500 కిలోల బరువున్నప్పుడు 30 పి.ఎస్.ఐ. వద్ద నేలను తాకే మేర దాదాపు 237 చదరపు సెంటీమీటర్లు. పీడనాన్ని 18 పి.ఎస్.ఐ.కి, అనగా 124 కిలోపాస్కల్‌కు తగ్గించినచో ఇది దాదాపు 396 చదరపు సెంటీమీటర్లు. వాగు ఇసుకలో, మెత్తని చల్కా నేలలో ఈ పెరుగుదల వాహనాన్ని దిగబడకుండా కాపాడుతుంది. ట్రెడ్ రకాన్ని మార్చకుండానే ఈ ప్రయోజనం లభిస్తుంది.

అయితే తగ్గించిన గాలితో గంటకు 20 నుండి 30 కిలోమీటర్లకు మించి నడపరాదు. నిండు బరువుతో ఉన్నప్పుడు ఇంతగా తగ్గించరాదు. రిమ్ము నుండి టైరు ఊడే ప్రమాదం ఉన్నందున పదునైన మలుపులు తిప్పరాదు. తారు ఎక్కకమునుపే గాలిని పూర్వస్థితికి నింపవలెను. వాహన బ్యాటరీతో పనిచేసే చిన్న గాలి పంపు, పీడన మాపకం ప్రతి క్షేత్ర వాహనంలో ఉండవలెను.

గాలి నింపకుండా రహదారి ఎక్కుటలో రెండు ప్రమాదాలున్నవి. మొదటిది వేడి. తక్కువ గాలితో పక్క గోడ ప్రతి చుట్టుకూ అధికంగా వంగి, రబ్బరు వేడెక్కి, ట్రెడ్ పొర విడిపోవచ్చును. రెండవది నీటిపై తేలుట. 1960లలో నాసా పరిశోధకులు విమాన టైర్లపై చేసిన ప్రయోగాల ఆధారంగా, నిలువ నీటిపై టైరు తేలిపోయే వేగం గాలి పీడనపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుందని నిరూపించారు. కిలోపాస్కల్‌లలోని పీడనపు వర్గమూలాన్ని 6.35తో గుణించినచో గంటకు కిలోమీటర్లలో ఆ వేగం వస్తుంది. 207 కిలోపాస్కల్ వద్ద ఇది 91 కిలోమీటర్లు, 124 వద్ద 71 కిలోమీటర్లు. నీటి లోతు ట్రెడ్ లోతును మించినప్పుడు ఈ సూత్రం వర్తిస్తుంది. 2020 అక్టోబరు రెండవ వారపు కుంభవృష్టికి నగర తూర్పు ప్రాంతాలు జలమయమైన అనుభవం ఉన్నది. అటువంటి రోజులలో అరిగిన ట్రెడ్, తక్కువ గాలి రెండూ కలిసినప్పుడు మామూలు వేగమే ప్రమాదకరమవుతుంది.

గాలిని ఉదయం, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు కొలవవలెను. ఉష్ణోగ్రత 5 నుండి 6 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినచో పీడనం సుమారు 1 పి.ఎస్.ఐ. పెరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉదయం సరిచూసిన గాలి మధ్యాహ్నం సూర్యాపేటలో ఎక్కువ చూపినదని తీసివేయరాదు.

రైతు నేలపై ప్రభావం

విస్తరణ వాహనం రైతు పొలంలో దిగినప్పుడు టైరు వ్యవసాయ సమస్య కూడా అవుతుంది. పైపొర గట్టిపడుట టైరు మోపే ఒత్తిడిపై, లోపొర గట్టిపడుట ఇరుసు మొత్తం బరువుపై ప్రధానంగా ఆధారపడతాయి. నేల చొరబాటు నిరోధం 2 మెగాపాస్కల్ దాటినప్పుడు చాలా పంటల వేర్ల పెరుగుదల బాగా తగ్గుతుంది. రంగారెడ్డి, నల్గొండ జిల్లాల ఎర్ర చల్కా నేలలు తేమగా ఉన్నప్పుడు నొక్కుకొని, ఆరిన తరువాత గట్టి చాళ్లుగా మిగిలిపోతాయి. నేలను కాపాడమని రైతుకు సలహా ఇచ్చే వాహనమే తడి పొలంలో చాళ్లు మిగల్చుట తగదు.

తడిసిన నల్లరేగడిలో ఏ టైరూ నమ్మదగినది కాదు. జిగట మట్టి ఎం.టి. గాడులను సైతం నింపివేయగలదు. అక్కడ వాహనాన్ని రోడ్డుపైనే నిలిపి నడిచి వెళ్లుట సరైన మార్గం. పత్తి, కంది కోసిన చేలలో మిగిలిన మోళ్లు, గట్ల వెంట సర్కారు తుమ్మ ముళ్లు పక్క గోడలను చీల్చుతాయి. ట్యూబ్‌లెస్ టైరు ట్రెడ్‌లో దిగిన ముల్లుకు మరమ్మతు సాధ్యమే గాని పక్క గోడ చీలికకు సురక్షితమైన మరమ్మతు లేదు.

లోతైన గాడులు మట్టిని ఒక పొలం నుండి మరొక పొలానికి మోసుకొనిపోతాయి. వయ్యారిభామ వంటి కలుపు విత్తనాలు, ఎండు తెగులు, వేరుకుళ్లు కలిగించే శిలీంధ్రాలు ఆ మట్టితోనే ప్రయాణిస్తాయి. తెగులు సోకిన పొలాన్ని దినచర్యలో చివరగా సందర్శించుట, తదుపరి గ్రామానికి ముందు చక్రాలను కడుగుట విధిగా పాటించవలెను.

కొనుగోలు ఇండెంటులో చేర్చవలసిన అంశాలు

కొటేషన్లు పిలిచేటప్పుడు ‘టైర్లు నాలుగు, ఫలానా కొలత’ అని మాత్రమే వ్రాసినచో అతి తక్కువ ధర పలికిన టైరే వస్తుంది. గుణం కోరవలెనన్నచో ఇండెంటులోనే దానిని వ్రాయవలెను. దిగువ అంశాలు పొందుపరచుట మంచిది.

1. వాహన పట్టికలోని కొలత, రేడియల్, ట్యూబ్‌లెస్ నిర్మాణం.
2. పట్టికలోని దానికి తగ్గని బరువు సూచిక, వేగ సంకేతం.
3. లాగ్ బుక్ విశ్లేషణను అనుసరించి హెచ్.టి. లేదా ఎ.టి. రకం, తడి పట్టు వివరాలు.
4. ఐ.ఎస్.ఐ. ముద్ర. కార్ల తరగతి టైర్లకు భారతీయ ప్రమాణం 15633 వర్తిస్తుంది.
5. సరఫరా తేదీకి ఆరు నెలలకు మించని తయారీ తేదీ, అన్నింటికీ ఒకే నమూనా.
6. కొత్త వాల్వులు, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ధరలో కలిసి ఉండుట.

ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ మార్గాలలోని దుకాణాలలో టైర్లు బిగించేటప్పుడు బాధ్యత గల ఉద్యోగి గాని డ్రైవరు గాని దగ్గరుండి తయారీ అంకెలను స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను. బిగించిన తరువాత సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణానికి చక్రాల నట్లను మరల సరిచూడవలెను.

ముగింపు

క్షేత్ర వాహనానికి టైరును ఎంచుకొనుటలో డ్రైవరు అనుభవం, లాగ్ బుక్ లెక్క, నేల స్వభావం మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది. ఎల్‌బీ నగర్ నుండి బయలుదేరే వాహనాలలో అధిక భాగానికి పట్టికలోని కొలతలో, మంచి తడి పట్టు గల ఎ.టి. లేదా హెచ్.టి. టైర్లు, ఒక గాలి పంపు, ఒక పీడన మాపకం సరిపోతాయి. మిగిలిన కొద్ది దూరానికి గాలి తగ్గించి నెమ్మదిగా నడుపుట, నేల తడిసినప్పుడు కాలినడకన వెళ్లుట మార్గాలు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి విద్యార్థులను తీసుకొని వెళ్లే వాహనాలను తొలకరికి ముందే ఈ అంశాల ప్రకారం తనిఖీ చేయించుట, ఆ తనిఖీని విద్యార్థుల సమక్షంలోనే నిర్వహించుట ప్రయోజనకరం. నేల గట్టిపడుటను పాఠంగా చదివిన విద్యార్థి, పీడన మాపకంతో టైరు గాలిని కొలిచి, వాహనం నడిచిన చాలులో పెనెట్రోమీటరు గుచ్చి చూచినప్పుడు ఆ పాఠాన్ని క్షేత్రంలోనే గ్రహించగలడు.